కాలర్ మెడలో పడకముందు

(రాబోయే జూలైలో రోటరీ క్లబ్బుల బాధ్యతలు తీసుకోబోతున్న మన పూర్వ విద్యార్థుల కోసం, మన పాఠశాల హాలులో సంఘం ఏర్పాటు చేసిన అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక బెంచీల్లో కూర్చున్న మా బ్యాచ్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పేదేమీ లేదు. నలభై ఏళ్ల కిందట కూడా వాళ్లు అక్కడే కూర్చునేవాళ్లు.

మన బడిలో చదువుకున్న వాళ్లు ముగ్గురు ఈ ఏడు మూడు వేర్వేరు ఊళ్లలో రోటరీ క్లబ్బులకు అధ్యక్షులవుతున్నారు. కార్యదర్శులు, కోశాధికారులు ఇంకొందరున్నారు. డిస్ట్రిక్ట్ వాళ్లు మీకు శిక్షణ తరగతులు పెట్టారు, పుస్తకాలిచ్చారు, బ్యాగులు కూడా ఇచ్చారు. మళ్లీ నన్నెందుకు మాట్లాడమన్నారంటే, ఆ పుస్తకాలు ఎవరూ తెరవరని మన సంఘం పెద్దలకు అనుభవం మీద తెలుసు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. జూలైలో కొత్త అధ్యక్షుడి సంగతీ అంతే. మొదటి నెలలోనే మొక్కలు నాటడం, రక్తదానం, కంటి శిబిరం, నోటు పుస్తకాల పంపిణీ అన్నీ అయిపోతాయి. దసరా వచ్చేసరికి నీరసం, సంక్రాంతికి విసుగు. ఉగాది నాటికి తర్వాతి అధ్యక్షుడెవరా అని ఎదురు చూపు. అలా కాకుండా ఉండాలంటే మీరు ఏ సంస్థలో ఉన్నారో ముందు తెలియాలి.

1905 ఫిబ్రవరి 23 సాయంత్రం షికాగో నగరంలో యూనిటీ బిల్డింగ్ 711వ గదిలో నలుగురు కలిశారు. పాల్ హారిస్ లాయరు. సిల్వెస్టర్ షీలే బొగ్గు వ్యాపారి. గుస్టావస్ లోర్ మైనింగ్ ఇంజనీరు, ఆ గది ఆయన ఆఫీసే. హైరమ్ షోరీ దర్జీ. పెద్ద నగరంలో నా అన్నవాళ్లు లేక, పల్లెటూళ్లో ఉండే స్నేహం లాంటిది ఇక్కడా ఉంటే బాగుండునని పాల్ హారిస్ కోరిక. ఒకరి వ్యాపారానికి ఇంకొకరు సాయపడటం కూడా అందులో భాగమే. సేవ అన్న మాట ఆ రోజు అక్కడ లేదు. వంతులవారీగా ఒక్కో వారం ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు కాబట్టి రోటరీ అని పేరు పెట్టుకున్నారు.

రెండేళ్ల తర్వాత, 1907లో, మొదటి సేవా కార్యక్రమం తలపెట్టారు. ఏమిటో తెలుసా? షికాగోలో పబ్లిక్ మరుగుదొడ్లు. ఇది విన్నప్పుడల్లా నాకు భలే సంతోషం. శిలావిగ్రహం పెట్టలేదు, స్వాగత తోరణం కట్టలేదు. బజారుకొచ్చిన మనిషికి, ముఖ్యంగా ఆడవాళ్లకు, అవసరం తీర్చుకునే చోటు లేదని గమనించారు. దాన్ని వ్యతిరేకించిన వాళ్లూ ఉన్నారు. మా సారా కొట్లలో మరుగుదొడ్లున్నాయిగా అని బీరు వ్యాపారులు, మా దుకాణాల్లో ఉన్నాయిగా అని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల వాళ్లు. అంటే మగవాడు ఓ గ్లాసు తాగాలి, ఆడమనిషి ఏదో ఒకటి కొనాలి. రోటరీ వాళ్లు చందాలు పోగేసి తామే ఓ గది కట్టేసి ఊరుకోలేదు. ఇతర సంఘాలను కలుపుకుని, నగర పాలక సంస్థ చేత కట్టించే దాకా వెంటపడ్డారు. మన పురపాలక సంఘం చేయాల్సిన పని మనం చందాలతో చేసేస్తే ఒకటి అవుతుంది. ఆ పని వాళ్ల చేత చేయిస్తే పది అవుతాయి. మన క్లబ్బులు ఈ రెండో విద్యను మరిచిపోయాయని నా అభిప్రాయం. నాతో ఏకీభవించని వాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు, తర్వాత మాట్లాడుకుందాం.

మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో వచ్చింది. లయన్స్ క్లబ్బులు కూడా అదే షికాగోలో, 1917లో, మెల్విన్ జోన్స్ చేతుల మీదుగా పుట్టాయి. ఇక్కడ లయన్స్ మిత్రులు కూడా ఉన్నారు కాబట్టి చెబుతున్నా, నేను ఇవాళ మాట్లాడేదాంట్లో ముప్పాతిక భాగం మీకూ పనికొస్తుంది.

ఇక నిర్మాణం. మీరు సభ్యులైంది మీ ఊరి క్లబ్బులో. ఆ క్లబ్బు సభ్యత్వం ఉన్నది రోటరీ ఇంటర్నేషనల్‌లో. కాబట్టి మీ మీద పై అధికారులంటూ ఎవరూ లేరు. గవర్నర్ గారు వస్తున్నారంటే కలెక్టర్ వస్తున్నట్టు సున్నాలు వేయించి, మేళతాళాలు పెట్టించే క్లబ్బుల్ని చూశాను. ఆయన మీ పని తీరు చూసి, తోచిన సలహా చెప్పి వెళ్లే పెద్దన్నలాంటి వాడు. పని చేసేదీ, డబ్బు తెచ్చేదీ, నిర్ణయం తీసుకునేదీ క్లబ్బే. క్లబ్బు తరఫున నిర్ణయించేది బోర్డు. అధ్యక్షుడు ఒక్కడే కాదు. ఈ చివరి ముక్క అధ్యక్షులు రాసుకోండి.

రోటరీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. బడ్జెట్ మాత్రం జూన్‌లోనే బోర్డు ముందుకు రావాలి. ప్రతి సభ్యుడి తరఫున ఏడాదికి రెండుసార్లు, జూలైలో, జనవరిలో, అంతర్జాతీయ సంస్థకు రుసుము కట్టాలి. జాబితాలో ఎంతమంది ఉంటే అంతమందికీ కట్టాలి. ఏడాదిగా ముఖం చూపించని వాళ్ల పేర్లు మొహమాటానికి ఉంచేస్తే, వాళ్ల రుసుము కూడా మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. బాకీ ముదిరితే క్లబ్బు గుర్తింపుకే ఎసరు. కార్యదర్శులు జూన్‌లోనే ఇంటింటికీ వెళ్లి, ఉంటారా, మానేస్తారా అని అడిగి రండి. ఫోన్‌లో అడిగితే అందరూ ఉంటామనే అంటారు.

కోశాధికారి గురించి కాస్త ఎక్కువ మాట్లాడతాను. మన ఊళ్లలో ఈ పదవి ఎవరికిస్తారంటే, సౌమ్యుడై ఉండాలి, అడిగినప్పుడల్లా చెక్కు మీద సంతకం పెట్టాలి, అవసరమైతే తన జేబులోంచి సర్దాలి. ఇంతకంటే చెడ్డ కోశాధికారి ఉండడు. సొంత జేబులోంచి సర్దే మనిషి మంచివాడే కావచ్చు. కానీ ఆ సర్దుబాటు ఏ పుస్తకంలోనూ ఎక్కదు. మార్చి కల్లా ఎవరి డబ్బు ఎవరిదో ఎవరికీ తెలియదు. స్నేహాలు చెడేది అక్కడే. క్లబ్బు నిర్వహణ ఖర్చు వేరు, సేవకని జనం ఇచ్చిన డబ్బు వేరు. భోజనాల బిల్లుకి సేవా నిధి ముట్టుకోకూడదు, వారం రోజులకైనా సరే. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకపోతే మంచిది. నవ్వకండి, అదీ చూశాను.

గ్రాంటు తీసుకుంటే ఇంకాస్త గట్టిగా ఉండాలి. దానికి విడిగా ఖాతా, ప్రతి ఖర్చుకూ బిల్లు, కాగితాలన్నీ కనీసం ఐదేళ్లు భద్రం. సభ్యుడి దుకాణం నుంచో, బంధువుల కంపెనీ నుంచో సరుకు కొనాల్సి వస్తే ఆ సంబంధం ముందే రాతపూర్వకంగా చెప్పాలి. "మనోడేగా, తక్కువకే ఇస్తాడు" అన్న మాట తనిఖీలో చెల్లదు. పని ముందు చేసేసి తర్వాత గ్రాంటు అడుగుదామన్నా కుదరదు. మొదలుపెట్టిన పనికి డబ్బు ఇవ్వరు.

ఈ డబ్బు ఎక్కడిదో కూడా తెలియాలి. 1917లో ఆర్చ్ క్లంఫ్ అనే అధ్యక్షుడు, లోకంలో మేలు చేయడానికి మనకొక శాశ్వత నిధి ఉండాలన్నాడు. మరుసటి ఏడు కాన్సాస్ సిటీ క్లబ్బు తమ దగ్గర మిగిలిన 26 డాలర్ల 50 సెంట్లు పంపింది. అదే మొదటి విరాళం. అదే పెరిగి రోటరీ ఫౌండేషన్ అయింది. ఇవాళ మీరు వార్షిక నిధికి ఇచ్చే విరాళం మూడేళ్ల తర్వాత పనిలోకి వస్తుంది. అందులో సుమారు సగం మన డిస్ట్రిక్ట్ వాడుకునే వీలుగా తిరిగొస్తుంది. అంటే మీరు ఈ ఏడు ఖర్చు పెట్టబోయేది మూడేళ్ల కిందటి వాళ్ల కష్టం. మీరు ఇచ్చేది ఎవరో మూడేళ్ల తర్వాత అధ్యక్షుడయ్యే మనిషి కోసం. "నా పదవీకాలంలో నేనిచ్చింది నాకేం మిగిలింది" అని అడిగే అధ్యక్షుడికి నేను చెప్పే లెక్క ఇది.

పెద్ద పనులకు గ్లోబల్ గ్రాంటు ఉంది. మొత్తం బడ్జెట్ 30,000 డాలర్లకు తగ్గకూడదు. పని జరిగే దేశంలో ఒక క్లబ్బు, బయటి దేశంలో ఒక క్లబ్బు కలిసి అడగాలి. మన బడి పిల్లలు డల్లాస్‌లో, న్యూజెర్సీలో, మెల్‌బోర్న్‌లో ఉన్నారు. ఏటా సంక్రాంతికి వచ్చి, బడికి ఏం కావాలో చెప్పండి అంటుంటారు. ఆ మిత్రులు తామున్న ఊళ్లో రోటరీ క్లబ్బులో చేరితే, వ్యక్తిగా ఇచ్చే విరాళం కంటే ఎన్నో రెట్లు పెద్ద పనికి తలుపు తెరుచుకుంటుంది. ఈ సంచిక వాళ్ల చేతికి చేరుతుంది కాబట్టి ఈ మాట ఇక్కడే చెబుతున్నాను.

గ్లోబల్ గ్రాంటుకి ఒక షరతు ఉంది. ఊళ్లో అవసరం ఏమిటో ముందుగా ఆ ఊరివాళ్లనే అడిగి, అధ్యయనం చేసి రాయాలి. చాలామంది దీన్ని గుమాస్తా పనిలా చూస్తారు, పాత దరఖాస్తులోంచి ఎత్తి రాసేస్తారు. ముప్ఫై ఏళ్లుగా నీటి పథకాల్లో పనిచేస్తున్న ఇంజనీరుగా చెబుతున్నాను, అసలు పని అంతా అక్కడే ఉంది.

ఆర్.ఓ. ప్లాంటునే తీసుకోండి. మన క్లబ్బులకు అదంటే మహా ఇష్టం. స్టీలు మెరుస్తుంది, రిబ్బను కట్టడానికి వీలుగా ఉంటుంది. నీళ్లు పరీక్ష చేయించారా అని అడిగితే, "తాగితే ఉప్పగా ఉన్నాయండీ" అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే దారి లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటకూడదు. నల్గొండలోనో ప్రకాశంలోనో ఫ్లోరైడ్ ఉన్న ఊరైతే ఆర్.ఓ. పెట్టండి, నేనూ వస్తాను. లవణాలు 300 ఉన్న కాలవ నీళ్ల ఊరికి ఆర్.ఓ. ఎందుకు? అక్కడ సమస్య బురద, సూక్ష్మక్రిములు. ఇసుక ఫిల్టరు, క్లోరిన్ చాలు. దండగ ఖర్చుతో పాటు, ఆ యంత్రం పోసిన నీళ్లలో చాలా భాగాన్ని బయటికి పారబోస్తుంది. రెండు మూడేళ్లకు మెంబ్రేన్ మార్చాలి. దానికి డబ్బెవరిస్తారు? అప్పటికి అధ్యక్షుడు మారి ఉంటాడు, సర్పంచి మారి ఉంటాడు, హెడ్మాస్టరు గారు బదిలీ అయి ఉంటారు. స్టీలు మాత్రం అలాగే మెరుస్తూ ఉంటుంది.

మరుగుదొడ్ల సంగతి చెబుతాను. ఒక ఉన్నత పాఠశాలలో, ఊరి పేరు వద్దు, ఆడపిల్లల కోసం ఒక క్లబ్బు నాలుగు గదులు కట్టించింది. టైల్స్, గోడ మీద నల్ల గ్రానైట్ ఫలకం, దాని మీద పదకొండు పేర్లు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద అటు వెళ్తే తాళం వేసి ఉంది. తాళం చెవి అటెండరు దగ్గర, అటెండరు సెలవులో. తీయించి చూశాను. పైన పెట్టింది 500 లీటర్ల ట్యాంకు. బడిలో ఆడపిల్లలు రెండు వందల మంది. తలకు ఐదు లీటర్లు వేసుకున్నా వెయ్యి లీటర్లు కావాలి. ఉదయం ఇంటర్వెల్ అయ్యేసరికి నీళ్లు నిండుకుంటాయి. మధ్యాహ్నానికి వాసన. వారానికి తాళం. వాడిన ప్యాడ్లు పారేయడానికి డబ్బా లేదు. కడిగే మనిషికి జీతం ఎవరిస్తారో ఎక్కడా రాసుకోలేదు. తొమ్మిదో తరగతి అమ్మాయిలు ఆ నాలుగు రోజులూ బడికి రావడం మానేస్తున్నారని ఒక టీచరమ్మ నాకు చెప్పారు. ఈ ఊసు మన సభల్లో ఎత్తడానికి మగవాళ్లం ఇంకా ఇబ్బంది పడతాం. ఆ పిల్లలకు పోతున్నది నెలకు నాలుగు రోజుల చదువు. కాబట్టి నేను ఎత్తుతూనే ఉంటాను.

తర్వాతి ఏడాది ఆ క్లబ్బుకి ఒక ఆవిడ అధ్యక్షురాలైంది. కొత్తగా ఏమీ కట్టలేదు. 2,000 లీటర్ల ట్యాంకు పెట్టించింది, బోరు నుంచి పైపు మార్పించింది, డబ్బాలు పెట్టించింది. కడిగే మనిషి జీతంలో సగం తల్లిదండ్రుల కమిటీ, సగం క్లబ్బు ఇచ్చేట్టు రాయించింది. తాళం చెవి పదో తరగతి అమ్మాయిల లీడరు చేతికిచ్చింది. దానికి ఫలకం లేదు, పేపర్లో ఫోటో రాలేదు. ఏటా చివర్లో ఇచ్చే అవార్డుల్లో దానికి తగిన విభాగం కూడా లేకపోయింది. ఆ గదులు ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి.

ఆ ఆవిడ లాంటి వాళ్లు రోటరీలోకి రావడానికే ఎనభై ఏళ్లు పట్టింది. అమెరికా సుప్రీంకోర్టు 1987లో చెప్పాక, 1989లో ప్రపంచమంతటా మహిళలకు సభ్యత్వం ఇచ్చారు. 2022లో కెనడాకు చెందిన జెన్నిఫర్ జోన్స్ మొదటి మహిళా అధ్యక్షురాలయ్యారు. మన ఊళ్లలో మాత్రం సభ్యుల భార్యలను ఇంకా 'ఆన్' అని పిలిచి, పదవీ స్వీకారం రోజున పట్టుచీరలతో హారతికి నిలబెడుతున్నాం. వాళ్లలో డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. సభ్యత్వ ఫారం ఒకటి ఇచ్చి చూడండి.

సభ్యుల విషయంలో ఇంకొక్క మాట. మొదట్లో ఒక్కో వృత్తి నుంచి ఒక్కరే అని నియమం ఉండేది. ఇప్పుడంత గట్టిగా లేదు. కానీ అందులోని తెలివి ఇప్పటికీ పనికొస్తుంది. పదిహేను మంది రియల్ ఎస్టేట్ వాళ్లున్న క్లబ్బు, ఒక ఎలక్ట్రీషియన్, ఒక నర్సు, ఒక ఆడిటరు, ఒక రైతు ఉన్న క్లబ్బు ఒకటి కావు. నెలకు కనీసం రెండు సమావేశాలు ఉండాలి. ఆ సమావేశంలో శాలువాలు గంటసేపు కప్పితే, పని గురించి పది నిమిషాలు మాట్లాడితే, కొత్తగా చేరిన కుర్రాడు మూడో సమావేశానికి రాడు. రాకపోవడం వాడి తప్పు కాదు.

మీ చేతిలో ఉన్నది ఒక్క ఏడాదేనన్నది నిజం. పోలియో పని ఎలా జరిగిందో చూడండి. రోటరీ 1985లో పోలియోప్లస్ మొదలుపెట్టింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితరులతో కలిసి ప్రపంచవ్యాప్త ఉద్యమం అయింది. అప్పటికి ఏటా సుమారు 3,50,000 మంది పిల్లలకు పోలియో వచ్చేది. మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన చివరి కేసు 2011 జనవరిలో, పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరించారు. 1985 నుంచి 2014 దాకా లెక్కేస్తే ఇరవై తొమ్మిది మంది అధ్యక్షులు మారారు. ఒక్కరైనా "ఇది పాతవాళ్ల ప్రాజెక్టు, నాది వేరే" అనుంటే ఏమయ్యేది? పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో ఆ పని ఇంకా నడుస్తోంది. మా తరగతిలోనే కాలికి పోలియో వచ్చిన మిత్రుడున్నాడు. ఇవాళ మన బడిలో అలాంటి పిల్లలు కనపడరు.

మీ మెడలో కాలర్ పడేలోపు ఒక పని చేయండి. గత ఐదేళ్లలో మీ క్లబ్బు కట్టించినవి, ఇచ్చినవి అన్నీ కార్యదర్శి జాబితా రాయండి. కాబోయే అధ్యక్షుడు, పోయే అధ్యక్షుడు ఒకే బండి మీద వెళ్లి ఒక్కొక్కటీ చూసి రండి. నడుస్తున్నదా, ఆగిందా, ఎందుకు ఆగింది, ఎంత ఖర్చుతో నడుస్తుంది. కొత్త బడ్జెట్‌లో మొదటి వరస వాటి మరమ్మతులకు రాయండి. ఇంజనీర్ల భాషలో నిర్వహణ గడి అంటాం. ఆ గడి ఖాళీగా ఉన్న ఎస్టిమేటు నా దగ్గరికొస్తే నేను సంతకం పెట్టను.

హెడ్మాస్టరు గారికి ఒక విన్నపం. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం ఇంటరాక్ట్ క్లబ్బులు 1962 నుంచి ఉన్నాయి. స్వర్ణోత్సవ సంవత్సరంలో మన బడిలో ఒకటి పెట్టడానికి మీరు ఒప్పుకుంటే, నీళ్ల పరీక్ష కిట్టు నేనిస్తాను. మన బడి బోరుతో మొదలుపెట్టి, పిల్లలు తమ వీధి నీళ్లు తామే పరీక్షించి, ఫలితం నోటీసు బోర్డు మీద రాయనివ్వండి. పంచాయతీ వాళ్లు వచ్చి చదువుకుంటారు.

ఇంకో ఇరవై నిమిషాలుంది. ప్రశ్నలు అడగండి. కోశాధికారులు ముందు.